ప్లేట్‌లెట్లు 5 రోజులా, 7 రోజులా, 14 రోజులా: ఏ రోగికి ఏ బ్యాగు?

రాత్రి పదకొండున్నరకు వార్డు నుంచి ఫోన్. మధ్యాహ్నం మా బ్లడ్ సెంటర్ నుంచి ఇష్యూ చేసిన ఎస్‌డీపీ బ్యాగు (ఒకే దాత నుంచి మెషీన్‌తో తీసిన ప్లేట్‌లెట్లు) ఇంకా ఎక్కించలేదట. పేషెంటుకు చలిజ్వరం రావడంతో ఆపారట, ఇప్పుడు ఎక్కించొచ్చా అని అడుగుతున్నారు. "బ్యాగు ఎక్కడుంది?" అంటే "ఫ్రిజ్‌లో జాగ్రత్తగా పెట్టాం సార్" అని జవాబు. నా ప్రాణం ఉసూరుమంది. ఒక దాత గంటన్నర సేపు మెషీన్ పక్కన చెయ్యి కదపకుండా కూర్చుని ఇచ్చిన బ్యాగు అది. ఇక పారేయాల్సిందే అని చెప్పాను. డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు ఊరుకోలేదు. "అమెరికాలో ఇప్పుడు ఫ్రిజ్‌లోనే 14 రోజులు ఉంచుతున్నారు కదా సార్, నేను చదివాను" అన్నాడు.

అతను చదివింది నిజమే. ఆ బ్యాగు పారేయాల్సి రావడమూ నిజమే. ఈ రెండూ ఒకేసారి ఎలా నిజమో ఆ రాత్రి ఫోన్‌లో సరిగ్గా చెప్పలేకపోయాను. బ్లడ్ సెంటర్లు నడిపేవాళ్లు, వార్డుల్లో పనిచేసేవాళ్లు, "ప్లేట్‌లెట్లు పడిపోయాయి" అన్న మాట వినగానే టెన్షన్ పడి పరిగెత్తే అటెండెంట్లు, అందరికీ పనికొస్తుందని ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

అసలు 5 రోజులే ఎందుకు

ఒకే దాత రక్తం నుంచి మూడు సరుకులు తీస్తాం. ఎర్ర కణాలు ఫ్రిజ్‌లో 42 రోజుల దాకా ఉంటాయి. ప్లాస్మాను ఫ్రీజ్ చేస్తే ఏడాది నిల్వ ఉంటుంది. ప్లేట్‌లెట్లకు మాత్రం అదీ పనికిరాదు, ఇదీ పనికిరాదు. 20 నుంచి 24 డిగ్రీల మధ్య, రాత్రీ పగలూ ఉయ్యాలలా ఊగే అజిటేటర్ మీద, 5 రోజులు. అంతే.

ఊపడం ఎందుకంటే, బ్యాగులో ఉన్నా ప్లేట్‌లెట్లు బతికే ఉంటాయి, ఊపిరి తీసుకుంటాయి. బ్యాగు ప్లాస్టిక్ గుండానే ఆక్సిజన్ లోపలికి, కార్బన్ డయాక్సైడ్ బయటికి పోవాలి. కదలకుండా పడి ఉంటే గాలి అందక లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుంది, పీహెచ్ పడిపోతుంది, కణాలు చచ్చిపోతాయి. అందుకే బ్యాగు ఏ ప్లాస్టిక్‌తో చేశారన్నదీ ముఖ్యమే. పాత రకం పీవీసీ బ్యాగులో 3 రోజులకు మించి ఉంచకూడదు. గాలి బాగా ఆడే కొత్త రకం బ్యాగయితే 5 రోజులు.

ఇష్యూ చేసే ముందు మేం బ్యాగును లైటుకు ఎదురుగా పట్టి రెండు వేళ్లతో మెల్లగా నొక్కుతాం. లోపల పట్టుబట్ట మెరిసినట్టు సుడులు తిరుగుతుంటే ప్లేట్‌లెట్లు బాగున్నట్టు. దీన్నే స్విర్లింగ్ అంటారు. ఆరోగ్యంగా ఉన్న ప్లేట్‌లెట్ చిన్న పళ్లెంలా చదునుగా ఉంటుంది కాబట్టి, అటూ ఇటూ తిరిగినప్పుడు వెలుగు దాని మీద తళుక్కుమంటుంది. చచ్చినవి గుండ్రంగా అయిపోతాయి. అప్పుడు బ్యాగు మజ్జిగలా మొద్దుగా కనిపిస్తుంది. మంచి టెక్నీషియన్‌కు ఇది చూడ్డానికి రెండు సెకన్లు చాలు.

ఇప్పుడు అసలు విషయం. 1969 దాకా ప్లేట్‌లెట్లను కూడా చల్లగానే ఉంచేవారు. ఆ ఏడాది స్కాట్ మర్ఫీ, ఫ్రాంక్ గార్డ్‌నర్ అనే ఇద్దరు అమెరికన్ డాక్టర్లు, గది వేడిలో ఉంచిన ప్లేట్‌లెట్లు రోగి ఒంట్లో చాలా ఎక్కువ రోజులు తిరుగుతున్నాయని చూపించారు. దాంతో అందరూ ఫ్రిజ్ నుంచి బయటికి తీశారు. 1980లలో మంచి బ్యాగులు వచ్చాక అమెరికాలో గడువును 7 రోజులకు పెంచారు కూడా. కానీ గది వేడి ప్లేట్‌లెట్లకు ఎంత హాయో బ్యాక్టీరియాకూ అంతే హాయి. సూది గుచ్చిన చోట చర్మం మీద నుంచి ఒకటి రెండు క్రిములు లోపలికి పోయినా, ఆరో రోజుకల్లా కోట్లలో పెరిగిపోతాయి. ఎక్కించాక సెప్టిక్ రియాక్షన్లు వస్తున్నాయని 1986లో మళ్లీ 5కి దించేశారు.

అంటే 5 అనే అంకె ప్లేట్‌లెట్ల ఓపికను చూసి పెట్టింది కాదు, బ్యాక్టీరియా భయంతో పెట్టింది. ఆయుష్షు పెంచే పద్ధతులన్నీ ఈ భయాన్ని ఎలా దాటాలన్న చోటే విడిపోతాయి. కాబట్టి ఎవరైనా "మా పద్ధతిలో ఇన్ని రోజులు నిల్వ ఉంటాయి" అంటే మూడు లెక్కలు అడగండి. లేబుల్ మీద ఎన్ని రోజులు? అందులో టెస్టులకు పోగా అలమారలో చేతికి దొరికేది ఎన్ని రోజులు? ఎక్కించాక రోగి ఒంట్లో ఎన్ని రోజులు?

గది వేడిలోనే ఉంచి గడువు పెంచడం

మొదటి దారి, బ్యాక్టీరియా ఉందో లేదో కల్చర్ చేసి, అంటే కాస్త శాంపిల్‌ను సీసాలో వేసి క్రిములు పెరుగుతాయేమో చూడటం. ఇంగ్లండ్‌లో 2011 నుంచి ఈ పరీక్ష చేసి 7 రోజులు వాడుతున్నారు. అమెరికాలో 2019 సెప్టెంబర్ మార్గదర్శకాల ప్రకారం, రక్తం తీసి కనీసం 48 గంటలు గడిచాక శాంపిల్ తీసి, ఆక్సిజన్ ఉన్న సీసాలో సగం, లేని సీసాలో సగం వేసి, మరో 12 గంటలు చూసి క్రిములు లేకపోతే, తగిన బ్యాగుల్లో ఉన్నవాటికి 7 రోజుల లేబుల్ వేయొచ్చు. అన్ని గంటలు ఆగడం ఎందుకంటే, మొదటి రోజు క్రిములు ఎంత తక్కువుంటాయంటే శాంపిల్‌లో చిక్కవు. కాస్త పెరగనిచ్చి పట్టుకోవాలి. దొంగను సందులోకి రానిచ్చి తలుపేసినట్టు.

లెక్క చూడండి. 7 రోజుల్లో రెండున్నర రోజులు ఎదురుచూపులకే పోయాయి. చేతికి మిగిలేది నాలుగున్నర. అయినా మంచి లాభమే, ఎందుకంటే ఇలాగే ఆగి 5 రోజుల లేబుల్ వేసే పద్ధతిలో శాంపిల్‌కు ముందు 36 గంటలు, తర్వాత 12 గంటలు పోగా మిగిలేది 3 రోజులే.

రెండో దారి, క్రిమి ఉందా లేదా అని వెతకకుండా ఉన్నా చంపేయడం. అమోటోసలెన్ అనే మందు కలిపి అతినీలలోహిత కాంతి కింద పెడతారు. ఇంకో రకంలో మందు బదులు రైబోఫ్లేవిన్, అంటే మన బీ2 విటమిన్, వాడతారు. కాంతి పడగానే క్రిముల డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏ ముడిపడిపోయో తెగిపోయో ఇక పెరగలేవు. ప్లేట్‌లెట్‌కు కేంద్రకమే లేదు కాబట్టి దానికి పెద్ద నష్టం లేదు. దాత తెల్లకణాలు కూడా చేతకానివైపోతాయి కాబట్టి బ్యాగుకు విడిగా రేడియేషన్ ఇవ్వక్కర్లేదు. కల్చర్ కోసం ఆగే పని లేదు, మర్నాటికి అలమారలోకి వచ్చేస్తుంది. అందుకే అమెరికాలో దీనికి లేబుల్ 5 రోజులే ఉన్నా, చేతికి దాదాపు నాలుగు దొరుకుతాయి. అంటే 7 రోజుల బ్యాగుకూ దీనికీ అలమారలో తేడా పూటో రోజో. లేబుల్ చూసి మోసపోవద్దని అన్నది ఇందుకే. యూరప్‌లో దీన్నే 7 రోజుల దాకా వాడే చోట్లున్నాయి.

లోపాలూ ఉన్నాయి. ఈ తతంగంలో కొన్ని ప్లేట్‌లెట్లు పోతాయి. ఎక్కించాక కౌంట్ పెరగాల్సినంత పెరగదు, దాంతో కొందరికి ఇంకో బ్యాగు అవసరమవుతుంది. హెపటైటిస్ ఎ లాంటి పైపొర లేని వైరస్‌లు కొన్ని, బ్యాక్టీరియా బీజాలు దీనికి లొంగవు. ఖర్చు సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఈ రెండింట్లో ఏది? కీమో జరుగుతున్న, తెల్లకణాలు అడుగంటిన లుకేమియా (బ్లడ్ క్యాన్సర్) రోగులే ఎక్కువగా ఉన్న ఆసుపత్రి అయితే నా ఓటు రెండోదానికి. వాళ్లకు ఒక్క క్రిమి చాలు. అన్ని రకాల రోగులకూ ఇచ్చే పెద్ద సెంటర్ అయితే కల్చర్ దారే చౌక, కౌంటూ బాగా పెరుగుతుంది.

కానీ మన దగ్గర ఒక చిక్కుంది, దీన్ని ఎవరూ మాట్లాడరు. పై కల్చర్ పద్ధతికి 16 మిల్లీలీటర్ల శాంపిల్ కావాలి. 200 మిల్లీలీటర్లు దాటే ఎస్‌డీపీ నుంచి అంత తీస్తే ఫర్వాలేదు. మన జిల్లాల్లో ఎక్కువగా తయారయ్యేది, మెషీన్ లేకుండా మామూలుగా ఇచ్చిన ఒక్కో దాత రక్తం నుంచి విడదీసే ఆర్‌డీపీ (రాండమ్ డోనర్ ప్లేట్‌లెట్లు). అది ఉండేదే 50 మిల్లీలీటర్లు. పరీక్షకే మూడో వంతు పోతే రోగికి ఏం మిగులుతుంది? యూరప్‌లో నలుగురైదుగురు దాతలవి ఒకే బ్యాగులో కలిపి, ఆ కలిపినదాన్ని పరీక్షిస్తారు. మనం విడివిడిగా ఉంచి ఎక్కించేటప్పుడు కలుపుతాం. కాబట్టి 7 రోజుల మాట ఎత్తే ముందు మన తయారీ పద్ధతే మారాలి.

ప్లాస్మాలో మూడింట రెండు వంతుల దాకా తీసేసి ఆ స్థానంలో ఉప్పునీటి లాంటి ప్రత్యేక ద్రావణం పోసే పద్ధతి కూడా ఉంది. దద్దుర్లు, దురదలు తగ్గుతాయి, ప్లాస్మా ఆదా అవుతుంది. మంచిదే, కానీ దానంతటదే గడువును పెద్దగా పెంచదు కాబట్టి దాన్ని ఇక్కడితో వదిలేస్తున్నాను.

ఫ్రిజ్ బ్యాగు: కుర్ర డాక్టరు చదివింది ఇదే

2023 జూన్‌లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1 నుంచి 6 డిగ్రీల మధ్య, ఊపకుండా, 14 రోజుల దాకా ప్లేట్‌లెట్లు నిల్వ చేయడానికి దారి తెరిచింది. కాకపోతే షరతు ఉంది. రక్తం కారుతున్న రోగికి మాత్రమే, అదీ మామూలు ప్లేట్‌లెట్లు దొరకనప్పుడు, లేదా వాడటం కుదరనప్పుడు. వార్త ఫార్వర్డ్ అయింది గానీ, ఈ షరతు దారిలో ఎక్కడో రాలిపోయింది.

ఆ షరతుకు కారణం ప్లేట్‌లెట్ ఒంట్లోనే ఉంది. చలి తగలగానే అది పళ్లెం ఆకారం వదిలేసి, ముళ్లబంతిలా ముడుచుకుంటుంది. దాని ఒంటి మీద ఉండే ఒక రకం ప్రొటీన్లు చెల్లాచెదురుగా ఉండాల్సింది గుంపు కడతాయి. కాలేయంలో కాపలా ఉండే కణాలు ఆ గుంపును గుర్తుపట్టి పట్టుకుని మింగేస్తాయని 2003లో కారిన్ హాఫ్‌మైస్టర్ బృందం బోస్టన్‌లో చూపించింది. అలా పట్టుబడకుండా ప్లేట్‌లెట్ మీద గాలక్టోజ్ అనే చక్కెరను తొడుగులా వేస్తే ఎలుకల్లో పనిచేసింది, మనుషుల్లో చేయలేదు. ఎక్కించిన మామూలు ప్లేట్‌లెట్లు ఒంట్లో చాలా రోజులు తిరిగితే, చల్లటివి ఒకటి రెండు రోజుల్లో మాయం.

ఇది లోపమా? రోగిని బట్టి. కీమో పేషెంటుకు ఇవాళ రక్తం కారట్లేదు. రేపో ఎల్లుండో కారకూడదని ముందుజాగ్రత్తగా ఎక్కిస్తున్నాం. అతనికి కావాల్సింది కొన్ని రోజుల పాటు ఒంట్లో తిరుగుతూ కాపలా కాసే ప్లేట్‌లెట్లు. చల్లటివి ఇస్తే ఎల్లుండి మళ్లీ ఫోన్ వస్తుంది. అదే రోడ్డు ప్రమాదంలో నలిగి వచ్చినవాడికో, కాన్పయ్యాక రక్తస్రావం ఆగని తల్లికో కావాల్సింది ఈ గంటలో గడ్డ కట్టించి ఆపే ప్లేట్‌లెట్లు. రేపు ఉంటాయా ఊడతాయా అనేది తర్వాతి సంగతి. చలికి ముడుచుకున్న ప్లేట్‌లెట్ అప్పటికే సగం రెచ్చిపోయి ఉంటుంది కాబట్టి, గాయం కనబడితే చప్పున అతుక్కుంటుంది. పైగా ఫ్రిజ్‌లో చాలా రకాల బ్యాక్టీరియా పెరగదు.

మరి ఆ రాత్రి బ్యాగు ఎందుకు పారేశామంటే, ఆ పేషెంటు రక్తం కారుతున్నవాడు కాదు, కీమో పేషెంటు. బ్యాగేమో గది వేడిలో వాడటానికి లేబుల్ వేసింది. ఏ డిగ్రీల్లో ఎన్ని గంటలుందో రికార్డు లేదు. చల్లబడ్డ బ్యాగులో స్విర్లింగ్ కూడా కనబడదు కాబట్టి బాగుందో లేదో చూసే మా రెండు వేళ్ల పరీక్షా పనికిరాదు. వీటన్నిటికీ మించి, మన దేశ డ్రగ్స్ రూల్స్ ప్రకారం ప్లేట్‌లెట్లంటే 20 నుంచి 24 డిగ్రీలు, 5 రోజులే. వార్డు ఫ్రిజ్‌లో మందు సీసాల పక్కన పడుకోబెట్టిన దాన్ని కోల్డ్ ప్లేట్‌లెట్స్ అనరు.

నా మట్టుకు నాకు, మన దగ్గర ఎప్పటికైనా ఎక్కువ పనికొచ్చే పద్ధతి ఇదే అనిపిస్తుంది. అజిటేటర్ అక్కర్లేదు, దానికోసం ఏసీ గది అక్కర్లేదు. రక్తం నిల్వ చేసే ఫ్రిజ్ ఎలాగూ ఉంటుంది. పాడేరు, భద్రాచలం లాంటి ఏజెన్సీ ఊళ్లకు ఆవలి ఆసుపత్రిలో అర్ధరాత్రి రక్తస్రావం కేసు వస్తే, పట్నం నుంచి 5 రోజుల బ్యాగు తెప్పించే లోపు జరగాల్సింది జరిగిపోతుంది. 14 రోజులు ఉండే రెండు బ్యాగులు అక్కడ ఉంటే లెక్కే వేరు. రూల్స్ మారాలని అడిగితే మొదట దీని గురించే అడగాలి.

మైనస్ 80 డిగ్రీల బ్యాగు

డీఎంఎస్‌ఓ అనే రసాయనం కలిపి మైనస్ 80 డిగ్రీల్లో పెడితే ప్లేట్‌లెట్లు రెండేళ్లకు పైగా ఉంటాయి. నెదర్లాండ్స్ సైన్యం అఫ్గానిస్థాన్‌లో ఇలాంటివే వాడింది. కరిగించాక గంటల్లో వాడేయాలి, కరిగించడంలో కొన్ని పోతాయి, మిగిలినవీ ఒంట్లో ఎక్కువ సేపు ఉండవు. ఇదీ రక్తం కారేవాళ్లకే తప్ప కౌంట్ పెంచడానికి కాదు. యుద్ధభూమి, దీవులు, ఏళ్ల తరబడి అవసరం పడకపోయినా పడితే తప్పనిసరిగా ఉండాల్సిన చోట్లు, వాటికి సరిపోతుంది. వేసవిలో రోజుకు నాలుగుసార్లు కరెంటు పోయే ఊళ్లో మైనస్ 80 ఫ్రీజర్‌ను కాపాడుకోవడం ప్లేట్‌లెట్లను కాపాడుకోవడం కంటే కష్టం. జిల్లా సెంటర్‌కు నేను దీన్ని చెప్పను.

ఇవాళ, ఉన్న రూల్స్‌తో

కొత్త పద్ధతులు వచ్చే లోపు ఉన్న 5 రోజులను 5 రోజులుగా వాడుకుంటున్నామా అంటే, లేదు. మా దగ్గర ఒక సినిమా హీరో పుట్టినరోజుకు అభిమానులు పెద్ద క్యాంపు పెట్టారు. ఆదివారం పొద్దుట్నుంచి సాయంత్రం దాకా క్యూ. పిల్లలు ఎంతో ఉత్సాహంగా ఇచ్చారు. ఆ రాత్రి అజిటేటర్ అరలన్నీ నిండిపోయాయి. శుక్రవారానికి సగానికి పైగా ఎక్స్‌పైర్ అయ్యి ఆసుపత్రి చెత్త వేసే పసుపు కవర్లోకి పోయాయి. మరుసటి ఆదివారం ఒక డెంగీ కేసు రక్తస్రావంతో వస్తే ఒక్క బ్యాగు లేదు. ఆ క్యాంపునే సగం సగంగా చేసి రెండు ఆదివారాలు పెట్టుకుని ఉంటే, ఏ మందూ ఏ యంత్రమూ లేకుండా మా నిల్వ వారం పెరిగేది. ఇప్పుడు క్యాంపు అడిగినవాళ్లకు మొదట తేదీ మార్చగలరా అనే అడుగుతున్నాను. కొందరు కోప్పడతారు. పుట్టినరోజు మారదు కదా అంటారు, నిజమే.

బ్యాగులు కొనేటప్పుడు రేటు మాత్రమే చూసి పాత రకానికి ఆర్డర్ పెడితే, 5 రోజుల సరుకును మనమే 3 రోజులకు కుదించుకున్నట్టు. మొదట వచ్చే కాస్త రక్తాన్ని, చర్మం మీది క్రిములతో సహా, పక్క సంచీలోకి మళ్లించే రకం బ్యాగు తీసుకోండి. కల్చర్ చేయలేని సెంటర్‌కు అదే పెద్ద రక్ష. అజిటేటర్‌కు అలారం, పవర్ బ్యాకప్ ఉండాలి. కరెంటు పోయి కాసేపు ఊగడం ఆగితే కంగారు పడక్కర్లేదు, 24 గంటల లోపు తట్టుకుంటాయి. గది వేడెక్కిపోవడమే అసలు ప్రమాదం.

ఎస్‌డీపీ విషయంలో అయితే నిల్వ గురించి ఆలోచించడమే అనవసరం అంటాను. నిల్వ దాతల దగ్గరే ఉంది. పిలిస్తే రెండు గంటల్లో వచ్చే ముప్పై మంది దాతల లిస్టు, 14 రోజుల ఫ్రిజ్‌తో సమానం. కౌంట్ లక్షా 50 వేలు దాటి ఉండాలి, గత మూడు రోజుల్లో ఆస్పిరిన్ వేసుకుని ఉండకూడదు, మళ్లీ ఇవ్వాలంటే కనీసం 48 గంటలు ఆగాలి. ఇంకో మాట, వచ్చే ముందు నాలుగు ఇడ్లీలు తిని రమ్మని చెప్పండి. పూరీలు, మిర్చి బజ్జీలు లాగించి వచ్చినవాళ్ల ప్లాస్మా పాలలా తెల్లగా దిగుతుంది, బ్యాగంతా వృథా.

డెంగీ గురించి ఒక్క ముక్క, ఎందుకంటే వానాకాలం వస్తే మా బ్యాగుల్లో చాలా మటుకు అటే పోతాయి. సింగపూర్, మలేసియాల్లో చేసి 2017లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో అచ్చేసిన పరీక్షలో, కౌంట్ 20 వేలు, అంతకన్నా తక్కువున్న పెద్దవాళ్లకు రక్తస్రావం లేకుండానే ముందుజాగ్రత్తగా ప్లేట్‌లెట్లు ఎక్కిస్తే రక్తస్రావం తగ్గలేదు, రియాక్షన్లు మాత్రం పెరిగాయి. కౌంట్ కాగితం చూసి భయపడి నాలుగు బ్యాగులు రాయించుకునే అలవాటు తగ్గితే, అలమారలో ఉన్నవాటి ఆయుష్షు దానంతటదే పెరుగుతుంది. అటెండెంట్లూ డాక్టరును అడగాల్సింది "కౌంట్ ఎంత?" అని ఒక్కటే కాదు, "రక్తం ఎక్కడైనా కారుతోందా?" అని కూడా. బొప్పాయి ఆకు రసం గురించి నన్ను అడగొద్దు, ఇప్పటికే ఇంట్లో ఓ పెద్ద గొడవయింది.

బ్యాగు తీసుకెళ్లేటప్పుడు ఐస్‌బాక్స్ తెచ్చుకునే అటెండెంట్లు ఇప్పటికీ రోజూ వస్తారు. ఐస్ తీసేసి, ఖాళీ డబ్బాలో పెట్టుకెళ్లమంటాం. నమ్మరు. "రక్తానికేమో ఐస్ అన్నారు, దీనికేమో వద్దంటున్నారు" అని అనుమానంగా చూస్తారు. ఆ రాత్రి తర్వాత ప్రతి ప్లేట్‌లెట్ బ్యాగు మీదా ఎర్ర స్కెచ్‌తో "ఫ్రిజ్‌లో పెట్టరాదు" అని రాస్తున్నాం. కుర్ర డాక్టరు అది చూసి నవ్వి, "చల్లటివి కూడా వచ్చాక ఏం రాస్తారు సార్?" అన్నాడు. అప్పుడు రెండు రంగుల లేబుళ్లు కొట్టించాలి, ఇష్యూ ఫారంలో "ఇప్పుడు రక్తం కారుతోందా: అవును / కాదు" అని ఒక గడి పెట్టాలి. ఆ గడి కోసం లేబుళ్లు వచ్చేదాకా ఆగక్కర్లేదని, పోయిన నెల నుంచే మా ఫారంలో పెట్టేశాం. సగం మంది ఖాళీగా వదిలేస్తున్నారు. ఖాళీగా వస్తే వార్డుకు ఫోన్ చేసి అడిగి మేమే నింపుతున్నాం.